మొప్ప ఎత్తి చూసేటప్పటికే ఆలస్యం: చెరువు చేప తాజాదనం ఎక్కడ పోతోంది?

చేప బాగాలేదని చెప్పడానికి మనకు మూడు మాటలున్నాయి: నీచు, మట్టి వాసన, కంపు. వంటింట్లో మాత్రం మూడింటినీ కలిపేసి "వాసనొస్తోంది" అనేస్తాం. రాళ్ల ఉప్పూ పసుపూ వేసి ఇంకో రెండుసార్లు రుద్ది కడుగుతాం. నిజానికి ఈ మూడు వాసనలు పుట్టే చోట్లు వేరు. మట్టి వాసన చేప బతికుండగానే చెరువులో పట్టుకుంటుంది. నీచూ కంపూ చచ్చాక మొదలవుతాయి, వాటిలోనూ దేని దారి దానిదే. ఏది ఎక్కడ మొదలైందో విడదీసుకుంటే, చేప ఎవరి చేతిలో ఉన్నప్పుడు పాడైందో కూడా తెలుస్తుంది. చేపలమ్మే ఆమె మీద అరిచేముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. చాలాసార్లు తప్పు ఆమెది కాదు.

నీచు సంగతి ముందు తేల్చేద్దాం. సముద్రపు చేప ఉప్పునీళ్లలో బతకడానికి ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని దాచుకుంటుంది. దానికి వాసన ఉండదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. ముక్కుకు తగిలే నీచు అదే. ఇది క్షార గుణం ఉన్న పదార్థం కాబట్టి నిమ్మరసమో చింతపండో తగిలితే లవణంగా మారి గాల్లోకి లేవడం మానేస్తుంది. మంచినీటి చేపల్లో ఆ ముడిసరుకే చాలా తక్కువ. అందుకే కొల్లేరు చుట్టుపక్కల పెంచే శీలావతి, బొచ్చెల్లో వంజరంలో వచ్చేటంత నీచు రాదు. వాటి మీద వచ్చే ఫిర్యాదు వేరు: "తింటుంటే మట్టి తగులుతోంది."

ఆ మట్టి నిజంగా మట్టి కాదు. చెరువులో పెరిగే ఒకరకం నీలి ఆకుపచ్చ నాచు, అడుగు బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్, ఎంఐబీ అనే రెండు పదార్థాలను నీళ్లలోకి వదులుతాయి. జియోస్మిన్‌కు ఆ పేరు పెట్టింది 1965లో. గ్రీకులో దాని అర్థం కూడా మట్టి వాసనే. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మటి వాసనలో పెద్ద వాటా దీనిదే. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో మట్టి వాసనను అత్తరుగా దించి సీసాల్లో అమ్ముతారు. పులుసులో వస్తే మాత్రం కంచం పక్కకు తోసేస్తాం. మన ముక్కు దీన్ని పసిగట్టే తీరు నమ్మశక్యం కాదు. లక్ష కోట్ల పాళ్ల నీళ్లలో పది పాళ్లున్నా చాలు, తెలిసిపోతుంది.

చేప దీన్ని నోటితో తినక్కర్లేదు. ఊపిరి పీల్చుకుంటుంటే మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి కొవ్వులో చేరుతుంది. ఎక్కడానికి గంటలు చాలు, దిగడానికి రోజులు పడుతుంది. కొవ్వు పట్టిన పెద్ద చేపలో ఇంకా ఆలస్యం, చలికాలంలో మరీ ఆలస్యం. పైపైన ఎంత కడిగినా ఎందుకు పోదో ఇప్పుడు అర్థమై ఉంటుంది: వాసన చర్మానికి అంటుకున్నది కాదు, మాంసంలోనే ఉంది. పులుపుకు మాత్రం కొంత లొంగుతుంది. ఆమ్లం తగిలితే జియోస్మిన్ వాసన లేని పదార్థంగా విడిపోతుంది. చెరువు చేపను చింతపండు పులుసుగానే వండాలని మన అమ్మమ్మలు పట్టుబట్టింది రుచి కోసమే కావచ్చు, లోపల జరిగిన పని మాత్రం ఇది.

అసలు మందు చెరువులోనే ఉంది. నాచు ఎందుకు పెరుగుతుంది? మేత ఎక్కువై, ఎరువు ఎక్కువై నీరు చిక్కబడితే పెరుగుతుంది. మన దగ్గర చేపలకు ప్రధానమైన మేత నూనె తీసిన తవుడు. గోతాలకు చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకు వరసగా కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. విసిరేసే పద్ధతి కంటే ఇది ఎంతో నయం, వృథా తక్కువ. అయినా సంచిలో మిగిలింది, చేప విసర్జించింది, నీళ్లు పచ్చగా రావాలని వేసిన కోళ్ల ఎరువు కలిసి ఎండాకాలానికి నాచుకు విందవుతాయి. దీనికి ప్రపంచమంతా తెలిసిన విరుగుడు ఒకటుంది. అమ్మే ముందు చేపను మేత లేకుండా కొన్ని రోజులు శుభ్రమైన పారే నీళ్లలో ఉంచడం. క్యాట్‌ఫిష్ పెంచే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. పట్టే ముందు చెరువులోంచి ఒక చేప తెచ్చి, వండి, రుచి పట్టడంలో ఆరితేరిన మనిషి చేత రుచి చూపిస్తారు. వాసన ఉందంటే ఆ చెరువు పట్టుబడి వాయిదా. మన దగ్గర రుచి చూసే మనిషికి కొదవ లేదు. వాయిదా వేసుకునే వెసులుబాటే లేదు.

ఎందుకు లేదో ఒక పట్టుబడి దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఆకివీడు దగ్గర మా బాబాయికి చేపల చెరువు ఉంది. రెండేళ్ల కిందట పట్టుబడి చూద్దామని వెళ్లాను. ముందురోజు రాత్రి పదింటికి వ్యాపారి మనిషి ఫోన్ చేశాడు. "రేట్ బాగుందండి, రేపు తెల్లారే లాగేద్దాం." అప్పటికే సాయంత్రం మేత సంచులు కట్టేసి ఉన్నాయి. నాలుగింటికల్లా వల దిగింది. ఛాతీ లోతు నీళ్లలో ఇరవై మంది రెండు వైపులా లాక్కుంటూ వచ్చి ఒక మూలకు చేర్చేసరికి నీళ్లు ఉడుకుతున్నట్టు చేపలు ఎగిరాయి. అంతా బానే ఉంది, ఐస్ లారీ మాత్రం రాలేదు. దారిలో ఎక్కడో ఆగిందన్నారు. గంటన్నర సేపు టన్నుల కొద్దీ చేప ఆ ఇరుకు వలలోనే కొట్టుకుంది. కాసేపటికి ఎగరడం మానేసి పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. పక్కనే ఉన్న కూలీ ఒకాయన బీడీ ఆర్పుతూ అన్నాడు: "మేత మీదున్న చేపండి ఇది. ఇలా నిలబెడితే సాయంత్రానికి పొట్ట జారిపోద్ది."

ఆయన చెప్పిన ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి.

ఒకటి, పొట్ట. కడుపు నిండా మేతున్న చేపలో జీర్ణరసాలు మంచి ఊపు మీద ఉంటాయి. చేప చచ్చినా అవి ఆగవు. మేత అయిపోయాక పేగునీ, పొట్ట గోడనీ కూడా అరిగించడం మొదలుపెడతాయి. పొట్ట మెత్తబడి పగులుతుంది, లోపలి బాక్టీరియా మాంసంలోకి వస్తుంది. కంపుకు ఒక దారి ఇదే. పైగా ట్రేలో చేప విసర్జించినదంతా ఐస్ నీళ్లలో కలుస్తుంది. ఒకటి రెండు రోజులు పస్తు పెట్టి పడితే ఈ బాధ చాలావరకు ఉండదు. చేప చల్లని రక్తపు జీవి, రెండు రోజుల పస్తు దానికి లెక్కే కాదు.

రెండోది, నిలబెట్టడం. ఇది కొంచెం లోతైన విషయం, తాజాదనం మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. కండరంలో ఏటీపీ అనే ఇంధనం ఉంటుంది. దాన్ని తిరిగి తయారు చేయడానికి గ్లైకోజన్ నిల్వ ఉంటుంది. చేప ప్రశాంతంగా చచ్చిపోతే ఈ నిల్వలు మిగిలే ఉంటాయి. అవి కరిగేదాకా కండరం మెత్తగా, తర్వాత కొన్ని గంటలు కర్రలా బిగుసుకుని ఉంటుంది. ఆ బిగువు వదిలాకే పాడవడం జోరందుకుంటుంది. అదే చేప వలలో గంటన్నర కొట్టుకుని ఊపిరాడక చస్తే నిల్వ అంతా అక్కడే ఖర్చయిపోయి ఉంటుంది. కండరంలో ఆమ్లం పేరుకుంటుంది, బిగువు త్వరగా వచ్చి త్వరగా పోతుంది, మాంసం వదులవుతుంది. అంటే ఒకే చెరువులో, ఒకే రోజు, ఒకే వలలో పడిన రెండు చేపల్లో ఒకటి ముందు తీసింది, ఒకటి చివర్లో తీసింది అయితే, వాటి వయసు గడియారంలో ఒకటే, కండరంలో ఒకటి కాదు.

జపాన్ వాళ్లు దీన్ని లెక్క కట్టారు. ఏటీపీ విరిగే వరస ఒకటుంది. మధ్యలో ఐఎంపీ అనే మజిలీ వస్తుంది, చేప మాంసానికి కమ్మటి రుచినిచ్చేది అదే. అది దాటాక ఇనోసిన్, హైపోజాంథిన్ వస్తాయి, చివరిది చేదు. ఈ చివరి రెండూ మొత్తంలో ఎంత శాతమో చెప్పే అంకెకు కె విలువ అని పేరు. 1959లో అక్కడి పరిశోధకులు ప్రతిపాదించారు. 20 శాతం లోపుంటే పచ్చిగా తినేంత తాజా అని వాళ్ల లెక్క. ఇందులో ఒక తమాషా ఉంది. ఐఎంపీ తయారవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, గట్టు మీద అప్పుడే కొట్టి అప్పుడే వండిన చేప కంటే కొన్ని గంటలు మంచి ఐస్‌లో ఉన్న చేపే ఎక్కువ రుచి. ఈ మాట మా ఊళ్లో అంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ వాదించను.

లెక్క కట్టి ఊరుకోలేదు వాళ్లు. ఇకెజిమె అనే పద్ధతిలో చేప మెదడులో ఒక్క పోటు పొడిచి, రక్తం కార్చి, వెన్నుపూసలోంచి సన్నటి తీగ దూర్చి నాడిని నలిపేస్తారు. చేప కొట్టుకోదు, చచ్చాక కూడా కండరాలకు ఆదేశాలు వెళ్లవు, ఇంధనం అలాగే ఉంటుంది. నార్వేలో సాల్మన్‌ను ముందు స్పృహ తప్పించి, తర్వాత రక్తం తీస్తారు. కిలో వందల రూపాయలు పలికే చేపకు ఇంత చేయొచ్చు. పది టన్నుల శీలావతికి ఒక్కోదానికీ తీగ దూర్చమంటే బాబాయి నన్ను గట్టు మీంచి తోసేస్తాడు. కానీ అందులో మనం తెచ్చుకోగలిగింది ఒకటుంది: వలలో చేప కొట్టుకునే సమయాన్ని తగ్గించడం. ఐస్ గట్టు మీదికి వచ్చాకే వల దింపడం. ఒకేసారి చెరువంతా మూలకు తోయకుండా విడతలుగా లాగడం. వీటికి తీగలూ యంత్రాలూ అక్కర్లేదు.

ఐస్ గురించి మన లెక్కలు మరీ ఉజ్జాయింపుగా ఉంటాయి. కాగితం మీద ఒకసారి వేసి చూడండి. చెరువు నీళ్లు 30 డిగ్రీలనుకుందాం. పది కిలోల చేపను 30 నుంచి 0కి దించాలి. కిలో నీళ్లను ఒక డిగ్రీ చల్లార్చడానికి ఒక కిలోకేలరీ తీసేయాలి, చేపకు కొంచెం తక్కువ, 0.85 వేసుకోండి. పదిని ముప్పైతో, దాన్ని 0.85తో గుణిస్తే 255 వస్తుంది. కిలో ఐస్ కరుగుతూ 80 లాక్కుంటుంది. అంటే మూడు కిలోల పైచిలుకు ఐస్ ఒక్క చల్లబడటానికే అయిపోతుంది. ఇక మన చేప అమ్ముడయ్యే హావ్‌డా మార్కెట్ చేరడానికి వెయ్యి కిలోమీటర్లకు పైనే ప్రయాణం, గువాహటికి అంతకు రెట్టింపు. దారంతా టార్పాలిన్ లోంచి దిగే ఎండ వేడిని ఆపాల్సింది మిగిలిన ఐసే. అందుకే ఎండాకాలంలో చేపకు సమానంగా ఐస్ వేయాలంటారు. ట్రే పైన మాత్రం తెల్లగా కప్పి, మధ్యలో వేయకపోతే, మధ్య చేప గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. అడుగున ఒక పొర, చేప వరసకో పొర, పైన ఇంకో పొర. కరిగిన నీళ్లు కిందికి పోయే దారి ఉండాలి.

ఈ ఖచ్చితం ఎందుకంటే, పాడయ్యే వేగం వేడితో పాటు మామూలుగా పెరగదు, ఎగబాకుతుంది. స్థూలంగా 0 డిగ్రీల దగ్గర ఒక రోజులో జరిగే నష్టం 5 డిగ్రీల దగ్గర సగం రోజు కూడా పట్టకుండా, 10 డిగ్రీల దగ్గర ఆరు గంటల్లో జరిగిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ సాధారణంగా నాలుగైదు డిగ్రీల మీద ఉంటుంది కాబట్టి, ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. చిల్లుల గిన్నెలో ఐస్ పోసి, దాని మీద చేప కవరు పెట్టి, అప్పుడు ఫ్రిజ్‌లో పెడితే నిజంగా తేడా ఉంటుంది.

మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. చల్లటి సముద్రాల చేప మీద ఉండే బాక్టీరియా చలికి అలవాటు పడ్డది, ఐస్‌లోనూ పనిచేస్తుంది. మన వెచ్చటి చెరువుల బాక్టీరియా ఐస్ తగిలితే చతికిలబడుతుంది. బాగా ఐస్ కొట్టిన శీలావతి రెండు వారాల దాకా తినేలా ఉండటానికి కారణం అదే. అంటే ఐస్ వల్ల మనకొచ్చే లాభం చలి దేశాల వాళ్లకు వచ్చేదాని కంటే ఎక్కువ. మనమే దాని మీద పొదుపు చేస్తున్నాం.

తెలంగాణ వాళ్లు దీనికి ఇంకో పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు: బతికున్న చేపనే కొనడం. కొర్రమీను గాలి కూడా పీలుస్తుంది కాబట్టి టబ్బులో కాసిని నీళ్లు చాలు, బజారు దాకా బతికే వస్తుంది. బొచ్చెకు ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు గట్టు అవతలికి చూద్దాం. మా వైపు చాలాచోట్ల ఒకే గట్టుకు ఇటు చేపల చెరువు, అటు వనామీ రకం రొయ్యల చెరువు ఉంటాయి. 2009లో వనామీకి అనుమతి వచ్చాక ఈ దృశ్యం మామూలైపోయింది. రొయ్యల పట్టుబడి చూడండి, వేరే దేశానికి వచ్చినట్టుంటుంది. పట్టడానికి ముందే మేత ఆపేస్తారు. వల నుంచి తీసిన రొయ్య నిమిషాల్లో ఐస్ నీళ్ల టబ్బులో పడుతుంది, అందులోనే చల్లబడి చస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్యలు కుబుసం విడుస్తాయని, పెంకు మెత్తగా ఉంటే రేటు కోసేస్తారని తిథి చూసి మరీ పట్టుబడి పెట్టుకుంటారు. చెరువులో ఉండగానే నమూనా ల్యాబ్‌కు వెళ్లి, నిషేధిత యాంటీబయాటిక్స్ లేవన్న కాగితం రావాలి.

రొయ్యకు ఇంత మర్యాద ఎందుకంటే అది చాలా త్వరగా బయటపడిపోతుంది. తల భాగంలో ఉండే జీర్ణగ్రంథి రొయ్య చావగానే పక్కనున్న కండను అరిగించేస్తుంది, తల దగ్గర మెత్తబడటానికి కారణం అదే. తల తీసేస్తే ఆ గొడవ చాలావరకు వదులుతుంది. నల్లమచ్చల సంగతి వేరు. చాలామంది అది కుళ్లు అనుకుంటారు, కాదు. కోసిన వంకాయ గాలికి నల్లబడుతుంది చూశారా, అలాంటిదే. రొయ్య ఒంట్లోని ఒక ఎంజైమ్ గాలి తగిలితే నల్ల రంగు తయారుచేస్తుంది. తిన్నా ప్రమాదం లేదు గానీ విదేశీ కొనుగోలుదారు తీసుకోడు. అందుకని సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్లలో ముంచుతారు. పచ్చి రొయ్యలో దాని అవశేషం కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు కాబట్టి ఆ హద్దు ఊరికే పెట్టింది కాదు. మోతాదు మించడం కంటే రొయ్యను వెంటనే చల్లబరచడం మేలు. చలికి ఆ ఎంజైమ్ కూడా మందగిస్తుంది.

యూరప్ 2016లో మన రొయ్యల సరుకులో యాంటీబయాటిక్స్ కోసం పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఒక్క కంటైనర్ వెనక్కి వస్తే పోయేది కోట్లలో ఉంటుంది కాబట్టి ఆ టెన్షన్ ప్రాసెసింగ్ ప్లాంట్ నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి రైతుకు దిగింది. జాగ్రత్త రైతుకు అలవాటైంది. గట్టుకు ఇవతల చేప మాత్రం టార్పాలిన్ మీద కుప్పగా పడి ఉంటుంది. రైతు ఒకడే, కూలీలు వాళ్లే, ఐస్ ఫ్యాక్టరీ కూడా అదే. తెలియక కాదు. రొయ్యలో తప్పు జరిగితే డబ్బు కోస్తారు, చేపలో తప్పు జరిగినా కోయరు, ఒప్పు చేసినా కలపరు.

తాజాదనం కోసం ఖర్చు పెట్టకుండా, ఉన్నట్టు కనిపించడానికి ఖర్చు పెట్టే దారి కూడా ఒకటుంది. 2018 వేసవిలో కేరళ చెక్‌పోస్టుల్లో, శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ కలిసిన చేప లోడ్లు పట్టుబడ్డాయి. ఆ జూలైలో అస్సాం ఆంధ్ర చేపల మీద పది రోజుల నిషేధం పెట్టింది. ఆ పది రోజుల్లో ఫార్మలిన్ ముఖం చూడని రైతులూ నష్టపోయారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నిమిషాల్లో తేల్చే పరీక్ష కిట్ తయారుచేసింది. చేప మీద కాగితం ముక్క రుద్ది మందు చుక్క వేస్తే రంగు మారుతుంది. మంచిదే. కానీ అది మోసాన్ని పడుతుంది, అలసిపోయి చచ్చిన చేపను పట్టదు. మొప్ప ఎత్తి చూడటం కూడా అంతే. ఎర్రగా ఉంటే ఐస్ బాగా పడిందని, గోధుమ రంగులోకి తిరిగితే రోజులు దాటాయని తెలుస్తుంది. గంటన్నర వలలో నిలబడిందా, మేత మీద పడిందా, ఎండాకాలపు పచ్చ నీళ్లలో పెరిగిందా అన్నది మొప్పలో రాసి ఉండదు.

మొన్న జనవరిలో బాబాయి నా పోరు పడలేక ఒకసారి చేసి చూశాడు. రెండు రోజులు మేత సంచులు కట్టలేదు, ఐస్ వచ్చాకే వల దింపాడు, మూడు విడతల్లో లాగించాడు. ఇంటికి తెచ్చుకున్న చేప పొట్ట కోస్తే పేగు దారంలా సన్నగా, శుభ్రంగా ఉంది. మర్నాటికి కూడా చేప బిగువుగానే ఉంది. కాటా దగ్గర మాత్రం అనుకున్నంత తూగలేదు. కడుపులో మేత కూడా కాటాలో బరువే కదా. వ్యాపారి గుమాస్తాను బాబాయి అడిగాడు.

"కడుపులు ఖాళీవండి, సరుకు రెండు రోజులు ఎక్కువ నిలబడుద్ది. కిలోకు రూపాయన్నా కలపండి."

గుమాస్తా లెక్క రాస్తూనే నవ్వాడు. "హావ్‌డాలో సైజు చూసి పాట పాడతారండి, పొట్ట చూసి కాదు."

లారీ కదిలాక బాబాయి నావైపు తిరిగి, పోయిన తూకం ఎంతో వేళ్ల మీద లెక్క చెప్పాడు. తర్వాత మేత సంచులు ఉతకడానికి మనిషిని పిలిచాడు.